దీర్ఘమహానసోపాఖ్యానము

వంటిల్లు పొడవుగాను ఇరుకుగాను ఉండుటకు గృహనిర్మాణశాస్త్రజ్ఞులు చెప్పు కారణములు పెక్కు గలవు గాని, మా వంటిల్లు అట్లుండుటకు ఏకైక కారణము మా తాతగారికి ముగ్గురు కుమారులు కలుగుట. ఇద్దఱే కలిగియున్నచో అది చక్కగా చతురస్రముగా నుండెడిది. నలుగురు కలిగియున్నచో అసలు ఉండెడిదే కాదు. కావున ఉన్నదానికి సంతోషింపవలెనని మా నాన్నగారు జీవించియున్నంతకాలము మాకు బోధించుచుండెడివారు. ఆయన ఆ వంటింటిలోనికి పోవుట మాత్రము ఎవ్వరును చూచి యెఱుగరు.

రాజమహేంద్రవరమున ఇన్నీసుపేటలో మా తాతగారు కట్టించినది గోదావరి మండలములలో ఆనాడు కలిగినవారు కట్టించుకొన్నట్టి మండువా లోగిలి: నడుమ వాన పడుటకు ఆకాశము, ఆ వాన పోవుటకు తూము, చుట్టును టేకు స్తంభముల వసారాలు, వెనుక పెరడు, ఆ పెరటిలో ఇంటికి అంటీ అంటనట్లుగా వంటసాల. తాటియాకు కప్పుల కాలమున ఒక్క నిప్పురవ్వ పేటనంతయు భస్మము చేయగలదు గనుకను, ఊకపొయ్యి పొగయు రంపపుపొట్టు పొయ్యి పొగయు కండ్లకే గాక కొత్త సున్నమునకును శత్రువులు గనుకను, మన పూర్వులు వంటను ఇంటినుండి వెలివేసి, వండినదానిని మాత్రము లోనికి రానిచ్చిరి. తాతగారి యనంతరము పెద్దమనుష్యులు కూర్చుండి పంపకములు చేసినప్పుడు, జ్యేష్ఠునకు వీధియరుగుతో గూడిన ముందుభాగమును, రెండవవారికి వంటసాలతో గూడిన తూర్పుభాగమును పోగా, కనిష్ఠులైన మా నాన్నగారికి పడమటి గదులును, మండువానుండి పెరటికి పోవు నడవయు లభించినవి. అంతవఱకు మనుష్యులు మాత్రమే నడచుచున్న ఆ నడవలో నాటినుండి వంటయు నడచుచున్నది.

దాని కొలతలను చదువరులు మనస్సున ఉంచుకొనవలెను, ఏలయనగా ముందు జరుగబోవు సంగ్రామమంతయు అంగుళముల కొఱకే. ఉత్తరమునుండి దక్షిణమునకు 20 అడుగులు; తూర్పునుండి పడమరకు అయిదున్నర అడుగులు, అనగా 66 అంగుళములు. ఉత్తరపు కొసను గుమ్మము, దక్షిణపు కొసను పెరటివైపు కిటికీ. తూర్పుగోడ మా రెండవ పెదనాన్నగారి వారసులతో ఉమ్మడి గోడ యగుటచే దానికి ఒక మేకు కొట్టవలెనన్నను ఆవలివారికి కబురు పంపవలెను. పడమటిగోడ కావల నా గది. గోడలన్నియు గానుగసున్నముతో కట్టిన 18 అంగుళముల మందపు గోడలు. పైకప్పు మాత్రము 14 అడుగుల ఎత్తున నున్నది. పెద్దమనుష్యులు నాలుగు దిక్కులను పంచిరి గాని ఊర్ధ్వదిక్కును పంచుట మఱచిరి.

ఇట్టి వంటింటిలో మా నాన్నగారు శాస్త్రమును అతిక్రమింపక, ఆగ్నేయమూలను పొయ్యియు ఈశాన్యమూలను కుళాయియు పెట్టించిరి. వరాహమిహిరుడు క్రీ.శ. 6వ శతాబ్దమున బృహత్సంహితలో మహానసము ఆగ్నేయమున నుండవలెనని వ్రాసియుండెను గాని, మహానసమే తోక యైనప్పుడు ఆగ్నేయ మెక్కడికి పోవునో ఆ మహానుభావుడు ఊహించి యుండడు. తత్ఫలితముగా అగ్నికిని జలమునకును మధ్య గదికి ఆ కొసనుండి ఈ కొస. కడిగిన బియ్యము ఇచ్చటనుండి అచ్చటికి పోవలెను. గంజి వార్చుటకు అచ్చటినుండి ఇచ్చటికి రావలెను. మా శ్రీమతికి ప్రాతఃకాలపు నడక అవసరము లేదని వైద్యులు చెప్పిరన్నచో అందు ఆశ్చర్యమేమున్నది?

నడకయే అయినచో సహింపవచ్చును. మా అమ్మకు మడి. తడిచీర ఆరవేసి, కట్టుకొని, ఎవ్వరిని తాకక, ఎవ్వరిచేతను తాకబడక వండవలెనను నియమమును ఆమె ఎనుబదియేండ్లు దాటినను వదలలేదు. రెండడుగుల గట్టు పోగా మిగిలిన మూడున్నర అడుగులలో మడికట్టుకొన్న మనిషియు, కట్టుకొనని మనిషియు ఎదురుపడినప్పుడు ఏమి జరుగునో తెలియవలెనన్నచో మన హేవలాక్ వంతెనను స్మరింపవలెను. 1900 ఆగస్టు 30న తెఱవబడిన ఆ వంతెన 56 అంకణములతో గోదావరిని దాటినను, దానిపై నుండినది ఒంటిలైను. కొవ్వూరువైపునుండి బండి వచ్చుచుండగా ఇవతలిబండి గోదావరి స్టేషనులో నిలిచి నదీదర్శనము చేసికొనవలసి యుండెడిది. ఒంటిలైనుపై నడుచు బండ్లకు టోకెను అను పద్ధతి యొకటి కలదు: ఆ టోకెను చేతికి అందనిదే డ్రైవరు బండి కదపరాదు. ఈ పద్ధతిని నేను మా యింట ప్రవేశపెట్టితిని. గుమ్మమువద్ద చిలుకకొయ్యకు ఒక ఇత్తడి గరిటె వ్రేలాడవేసి, లోనికి పోవువారు దానిని చేతపట్టి పోవలెననియు, గరిటె అచ్చట లేనిచో వెలుపలివారు ఆగవలెననియు శాసించితిని. కొంతకాలము ఇది నిరపాయముగా నడచినది. పిదప ఒకనాడు మా అమ్మ గరిటెతో సహా పెరటిద్రోవను చుట్టుతిరిగి పూజగదికి పోయి సహస్రనామము నారంభించుటచే, ఆ పూట పదకొండు గంటలవఱకు లైను స్తంభించి కాఫీలు లేకపోయెను. వంతెనకు 1974లో రోడ్డును రైలును గల రెండవ వంతెన తోడు వచ్చినది. వంటింటికి అట్టి తోడు రాలేదు.

సహనమును మేర దాటించినది రెండు తలుపుల ఫ్రిజ్జు. డల్లాసులో నున్న మా చిరంజీవి దీపావళికి దానిని కొని పంపించెను. అది గుమ్మముగుండా వచ్చుటయే ఒక ఘట్టము; వచ్చిన పిదప పడమటిగోడకు ఆనించి నిలిపి, తలుపు తెఱచినంతనే ఆ తలుపు ఎదుటి గట్టును తాకి ఆగి, వంటింటిని ఉత్తర దక్షిణ రాష్ట్రములుగా విభజించెను. దక్షిణమున చిక్కుకొన్న మా అమ్మ, పాలగిన్నె చేతపట్టుకొని, “ఏరా, నేను వంటింట కుందేలునైపోయాను, ఇంక చేయించరా ఏదో ఒకటి!” అని కేక వేసెను. వంటిల్లు మార్పించవలెనని శ్రీమతి ఎన్ని సంవత్సరములుగా చెప్పుచున్నదో! మాతృవాక్యము మాత్రము ఒక్కసారితో పనిచేసినది.

మొదట సిద్ధాంతిగారు వేంచేసిరి. కుళాయి పొయ్యికి దగ్గఱకు రావలెనన్నంతనే ఆయన కన్నులు మూసికొని, “అగ్నీ జలం శత్రువులండీ మేష్టారూ. ఆగ్నేయం మాట తేలిగ్గా తీసుకోకూడదు. కోనసీమ మనకి ఏ దిక్కు? ఇంచుమించు ఆగ్నేయం. పాశర్లపూడిలో మంట ఎక్కడ లేచింది?” అని అడిగిరి. 1995 జనవరి 8న పాశర్లపూడివద్ద గ్యాసుబావి పేలి 65 దినములు ఆకాశమునంటు మంటతో మండిన మాట నిజమే. దానికిని మా కుళాయికిని గల సంబంధమును నేను విచారించుచుండగా, శ్రీమతి ఫలహారము పళ్ళెమును ఆయన ముందుంచి, “సిద్ధాంతిగారూ, ఇరవై అడుగులూ ఒకే గది అనుకుంటే కదండీ ఈ చిక్కు. మధ్యలో ఒక కమాను కడితే రెండు గదులవుతాయి కదా?” అనెను. పెసరట్టు సగమైనప్పటికి సిద్ధాంతిగారికి ఆ యోచన సశాస్త్రముగా కనబడెను. కమాను కట్టినచో దక్షిణపుసగము ఒక గది. ఆ గదికి వేఱుగా ఒక ఈశాన్యము కలదు. ఆ ఈశాన్యము పొయ్యికి పదియడుగుల లోపలనే యుండును. ఒక్క కమానుతో పదియడుగుల నడక తగ్గించిన శాస్త్రము మన వాస్తుశాస్త్రము తప్ప మఱియొకటి యున్నదా?

తరువాత వచ్చినవాడు మాడ్యులర్ కిచెను కుఱ్ఱవాడు. వాడు నేలమీద టేపు పఱచక, చేతిలోని చిన్న యంత్రమునుండి ఎఱ్ఱని చుక్కను గోడపై పొడిపించి కొలతలు తీసికొనెను. పిదప నన్ను “అంకుల్” అని సంబోధించుచు, గణకయంత్రముపై మా వంటింటి భవిష్యత్స్వరూపమును చూపించెను. అందులో తెల్లని అరలు, మెల్లగా తమంతట తాము మూసికొను సొరుగులు, గట్టుపై ఒక గాజుగిన్నె, అందులో ఆకుపచ్చని ఆపిలుపండ్లు నాలుగు. “మరి రోలెక్కడయ్యా?” అని మా అమ్మ అడిగెను. రోలు లేదు. కత్తిపీట లేదు. ఆవకాయజాడీలు లేవు. నూనె మరక, పసుపు మరక లేవు. పోపుగింజ యొక్కటియు లేదు. ఇట్టి చిత్రములు ఎన్నియో చూచితిని గాని, ఏ చిత్రమునందును పొయ్యి వెలుగుట నేను చూడలేదు. చెక్క ఏదని అడుగగా, “మెరైన్ ప్లై అంకుల్, ఐఎస్ 710, నీళ్ళలో ముంచినా ఏం కాదు” అని ధైర్యము చెప్పెను. ఓడలకు తగిన చెక్క వంటింటికి వచ్చుచున్నదనగా మొగల్తూరునుండి ఓడ ఎక్కబోయిన బారిష్టరు పార్వతీశము జ్ఞప్తికి వచ్చి, నాకు కొంచెము దిగులు కలిగెను. ధర విన్న పిదప ఆ దిగులు స్థిరపడినది.

ఇంక నా వంతు. నేను ముప్పది సంవత్సరములు లెక్కలు చెప్పినవాడను. లెక్కతో తేలని విషయము లోకమున లేదని నా విశ్వాసము. చిరంజీవి పంపిన గ్రంథములను, పటములను ముందు వేసికొని, పాశ్చాత్యులు ఈ దీర్ఘపాకశాలా సమస్యను ఎట్లు పరిష్కరించిరో పరిశీలించితిని. కార్ఖానాలలో పనివారి కదలికలను టేలరు దొర గడియారముతో కొలిచిన పిదప, అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను నామె, అదే పద్ధతి వంటింటికి వర్తింపజేసి, ఇల్లాలు వేయు అడుగులను లెక్కించి 1913లో పుస్తకము వ్రాసెను. ఆ పుస్తకమును చదివిన వియన్నా యువతి, మార్గరెటె షుట్టె–లిహొట్స్కీ, మొదటి ప్రపంచయుద్ధానంతరము ఇండ్లకు కటకటలాడుచున్న ఫ్రాంక్‌ఫర్టు నగరమునకు 1926లో ఒక వంటింటిని కల్పించెను. దాని వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అనగా మన లెక్కను ఆఱడుగుల పైచిలుకు వెడల్పు, పదకొండడుగుల పైచిలుకు పొడవు. ఒకవైపు గట్టు, తొట్టి; ఒకవైపు పొయ్యి; కొసను కిటికీ, కిటికీ క్రింద కూర్చుండి తరుగుకొనుటకు బల్ల, తిరుగు పీట. పప్పులకు, బియ్యమునకు పేర్లు చెక్కిన అల్యూమినియపు సొరుగులు. ఆ సొరుగులకు ముక్కులుండుటచే బియ్యమును నేరుగా గిన్నెలోనికి ఒంపవచ్చును. ఈగలు నీలిరంగుపై వ్రాలవని నమ్మి చెక్కకంతటికి నీలియాకుపచ్చ రంగు పూయించిరి. అట్టివి కొలదియేండ్లలోనే ఇంచుమించు పదివేలు కట్టబడినవి. నేటి మాడ్యులర్ కుఱ్ఱవానికి ముత్తవ్వ ఆమెయే.

ఈమె పుట్టినది 1897లో. హేవలాక్ వంతెనకు పని మొదలైనదియు ఆ సంవత్సరముననే. వంతెన 1997లో విశ్రమించగా, ఈమె ఇంకను మూడేండ్లు జీవించి, నూటమూడవ జన్మదినమునకు అయిదు దినములు ముందు 2000 జనవరిలో కాలధర్మము నొందెను. అంతటి విదుషి, ఆ వంటింటిని కల్పించునాటికి తాను ఎన్నడును వంట చేయలేదనియు, ఇల్లు నడుపలేదనియు ముదిమిలో దాపరికము లేక చెప్పెను. ఇది చదివిన క్షణమునుండి ఆమెపై నాకు సోదరీభావ మేర్పడినది. వండనివారు వంటిండ్లకు రూపకల్పన చేయుట ఒక్క ఇన్నీసుపేటకే పరిమితమైన ఆచారము కాదని తేలినది గదా! ఆమెకు ఆదర్శమైనవి రైళ్ళలో భోజనపుపెట్టెల వంటిండ్లు. బారెడు వెడల్పులో వందమందికి వండు ఆ నేర్పును చూచి ఇంటికి తెచ్చినది. ఈ మాటను నేను ఉత్సాహముతో చదివి వినిపించగా మా అమ్మ మాత్రము, “రైల్లో వంటిల్లు చూసి ఇంట్లో కట్టిందిటా? రైల్లో వండింది మనం ఎప్పుడైనా తిన్నామురా?” అని, ఆ వియన్నా శాస్త్రమును మూలచ్ఛేదము గావించెను.

నేను ఊరకుండలేదు. 1940ల ప్రాంతమున అమెరికాలో ప్రచారమునకు వచ్చిన పాకత్రిభుజ సిద్ధాంతమును నల్లబల్లపై వివరించితిని: పొయ్యి, తొట్టి, ఫ్రిజ్జు అను మూడు బిందువులను కలుపగా ఏర్పడు త్రిభుజమునందు ఒక్కొక్క భుజము 4 అడుగులకు తక్కువ, 9 అడుగులకు ఎక్కువ కారాదు, మూడింటి మొత్తము 26 అడుగులు మీఱరాదు. త్రిభుజమున ఏ రెండు భుజముల మొత్తమైనను మూడవదానికంటె అధికమై యుండవలెనని యూక్లిడు చెప్పగా, మా వంటింటిలో అది ఇంచుమించు సమానమగుచున్నది. అనగా త్రిభుజము ఒక గీతయై పండుకొన్నది. గట్టు ముందు నడవవలసిన వెడల్పు ఒక్కరు వండునచో 42 అంగుళములనియు, ఇద్దఱైనచో 48 అంగుళములనియు అమెరికాలోని వంటిండ్ల, స్నానపుగదుల రూపకర్తల సంఘమువారు నిర్ణయించిరి. (వంటింటికిని స్నానపుగదికిని కలిపి ఒకే సంఘమున్నదని నేను మా అమ్మకు చెప్పలేదు.) మా 66లో గట్టుకు 24 తీసివేయగా శేషము సరిగా 42. శాస్త్రప్రకారము మా వంటింటిలో ఒక్కరే వండవలెను. ఫ్రాంక్‌ఫర్టు వంటింటికిని తరువాతివారు ఇదే దోషమును ఆరోపించిరి: అందు ఇల్లాలు తప్ప రెండవ మనిషి పట్టదు, ఆమె ఒంటరిదగును అని. మన ఇండ్లలో ఒకరు వండుచుండగా ఒకరు ఎట్లు వండవలెనో చెప్పవలెను. ఆ రెండవవారు నిలుచుటకు ఆఱు అంగుళములు తక్కువైనవి. చిరంజీవి తన ఇంట వంటగది నడుమ నున్న పాలరాతి ద్వీపమును ఫోనులో చూపించి, “ఇలాంటిది పెట్టండి నాన్నా” అనెను. మూడడుగుల ద్వీపమును నిలిపినచో ఇరువైపుల 15 అంగుళములు మిగులును. ఆ లెక్కను వానికి నేను మర్యాదగా వ్రాసి పంపితిని.

నల్లబల్లపై లెక్క ఇంకను తుడువకమునుపే పెరటిలో వేఱొక కార్యక్రమము ప్రారంభమైనది. మా అమ్మ ముగ్గుబుట్ట పట్టుకొని, ఊడ్చి కళ్ళాపి చల్లిన నేలపై, మా వంటింటిని నిజప్రమాణమున ముగ్గుగా వేయించుచుండెను. పంపకములనాడు కొలత తీసిన తాడు ఆమె పెట్టెలో నేటికిని ఉన్నదని నాకు తెలియదు. ఆ తాడుతో శ్రీమతియు, మా యింట అంట్లు తోము ఆమెయు పొడవు పట్టుకొనగా, తెల్లని గీత తూర్పుగోడ యైనది, ఒక గీత గుమ్మమైనది, అడ్డగీత కమానైనది. గట్టున్నచోట నవారుమంచమును అడ్డముగా నిలిపిరి. పొయ్యికి బదులు పీట, తొట్టికి బదులు గంగాళము, ఫ్రిజ్జునకు బదులు నా వాలుకుర్చీ. అటుపై ముగ్గురును నిజముగా వంట నటించిరి. మా అమ్మ మడిలో నున్నట్లు కొంగు బిగించి ఒక కొసనుండి వచ్చును. శ్రీమతి వేడిగిన్నె పట్టుకొన్నట్లు రెండు చేతులతో గుడ్డ పట్టి ఎదురుగా వచ్చును. గీతను త్రొక్కినవారు గోడకు తలకొట్టుకొన్నట్లు లెక్క. మేస్త్రి గొబ్బిపూల మొక్కల ప్రక్కన గొంతుకూర్చుండి ఈ నాటకమును మాటలేక తిలకించుచుండెను. నేను టేపు పట్టుకొని మధ్యకు పోబోగా, “మేష్టారూ, మీరు గోడలో నుంచున్నారండి,” అని ఆతడే నన్ను తప్పించెను.

ఆ పూట పెరటిలో తేలిన విషయములు ఏ గ్రంథమునందును నాకు కనబడలేదు. తొట్టి పొయ్యికి మూరెడుదూరములో ఎడమవైపున నుండవలెను, ఏలయనగా గంజి వార్చునప్పుడు మా శ్రీమతి కుడిచేతితో గిన్నెను, ఎడమచేతితో మూతను పట్టును. మూరెడు ఖాళీ ఎందుకనగా, దించిన గిన్నె క్షణకాలమైనను ఎచ్చటనో ఒకచోట కూర్చుండవలెను గదా; పొయ్యికి రెండువైపులను దానికి ఆసనము కావలెను. (తొట్టి ఇట్లు జరిగిన మాట సిద్ధాంతిగారికి ఇంతవఱకు తెలియదు, తెలిసినప్పుడు మఱియొక పెసరట్టు పోయబడును.) మా అమ్మ నిలుచుండి తరుగలేదు; కత్తిపీటయు ఆమెయు కిటికీ క్రింద నేలమీదనే యుందురు, కావున అచ్చట రెండున్నర అడుగులు గట్టు ఆగిపోవలెను. ఫ్రాంక్‌ఫర్టునందును కిటికీ క్రిందనే కూర్చుండి తరుగుకొనెడివారని నేను మనవి చేయగా, “చూశావా, ఆవిడకీ తెలుసు,” అని మా అమ్మ ఆ వియన్నా విదుషిని క్షమించెను. గట్టు ఎత్తు విషయమున మాడ్యులర్ కుఱ్ఱవాడు చెప్పిన 36 అంగుళములు ఎవరికొఱకో తెలియలేదు. శ్రీమతి గోడకు ఆని మోచేయి మడిచి నిలువగా, మేస్త్రి ఆ మోచేతికి నాలుగంగుళములు క్రిందుగా బొగ్గుతో గీత గీచెను: 33. గట్టు క్రింద తలుపులు వేయింతమా అని నేను అడిగినప్పుడు మాత్రము అంతవఱకు మాటలాడని పనిమనిషి, “తలుపులెందుకండి బాబుగారూ, బొద్దింకలకాండి?” అనెను. తలుపులు రద్దయినవి. ఆ ఒక్క ప్రశ్నతో మాడ్యులర్ వారి అంచనాలో మూడవవంతు ఎగిరిపోయినది. ఆమెకు నేను అప్పుడే చీర పెట్టియుండవలసినది.

ఫ్రిజ్జును వసారాకు వెలివేయుటలో అభిప్రాయభేదము రాలేదు. డబ్బాలు, సీసాలు, పప్పులు, ఉప్పులు ఎచ్చట పెట్టవలెనన్నదే మిగిలిన చిక్కు. పడమటిగోడకు తొమ్మిదంగుళముల అరలు కట్టినచో నడక 33 అంగుళములకు పడిపోవును. మడికి అది ప్రాణాంతకము. అప్పుడు మా శ్రీమతి మెల్లగా, నా వాలుకుర్చీలో కూర్చుండి (అనగా ఫ్రిజ్జులో కూర్చుండి), “మేస్త్రిగారూ, ఆ గోడ మందం ఎంత?” అని అడిగెను.

“అడుగున్నరండి అమ్మగారూ. గానుగసున్నం. ఏనుగు గుద్దినా కదలదండి.”

“అందులో తొమ్మిదంగుళాలు లోపలికి గూళ్ళు తియ్యొచ్చా?”

“తియ్యడానికేవుందండి, ఆయ్. గోడ తియ్యడం ఎంతసేపండి, పెట్టడమే కష్టం. కాకపోతే అవతలపక్క మేష్టారి అలమర ఇప్పటికే తొమ్మిదంగుళాలు లోపలికుందండి. రెండూ కలిసిపోతాయండి.”

ఆ యలమరలో నా పుస్తకములున్నవి. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1924లో స్థాపించిన భారతి మాసపత్రిక సంపుటములు, మా నాన్నగారు బైండు చేయించినవి, పై రెండు అరలనిండ నున్నవి. నేను ఈ సంగతిని గంభీరముగా విన్నవించితిని. ముగ్గుగీతలలో నిలిచిన ముగ్గురును, మేస్త్రియు నావైపు చూచిరి. “కలిసిపోనీండి,” అని మా శ్రీమతి అనెను. “అలమరకి వెనకాల చెక్క మన వైపునుంచి కొట్టేసి, తలుపులు ఇటు పెట్టుకుంటే పద్ధెనిమిదంగుళాల లోతు వస్తుంది. పుస్తకాలు అటక మీద పెట్టుకోవచ్చు. ఎలాగూ పధ్నాలుగడుగుల ఎత్తుంది కదండీ.” మా అమ్మ అంతటితో తృప్తి నొందక, “గోడ ఎలాగూ కొడుతున్నారు, ఆ పక్కనే ఒక గుమ్మం కూడా కొట్టించు. నేను ఇటునుంచి వెళ్తే అమ్మాయి అటునుంచి వస్తుంది,” అనెను. ఒంటిలైనుకు నడుమ బండ్లు తప్పుకొను స్టేషను కట్టవలెనన్న ఈ మహాయోచన, రైల్వేవారికి ఎన్నియేండ్లు పట్టినదో గాని, మా అమ్మకు రెప్పపాటు పట్టలేదు. ఆ స్టేషను నా గది యగుచున్నదన్న విషయమును ఎవ్వరును ప్రస్తావింపలేదు.

పని జరిగినన్ని దినములు ఇల్లు ఇల్లు కాలేదు. నూఱేండ్ల గానుగసున్నపు ధూళి పూజగదివఱకు వ్యాపించినది; మేము కర్రీపాయింటును ఆశ్రయించితిమి; మా అమ్మ అరటిపండ్లతోను పాలతోను అఖండవ్రతము సాగించెను; ఆవలివారు ఉమ్మడిగోడకు చెవి ఆనించి, ఏ ఇటుక కదలునోయని కాపుకాచిరి. పొగగొట్టమును ఆ గోడగుండా పోనిత్తుమన్న ప్రతిపాదన మొదటనే వీగిపోయినది, మా యింటి ఇంగువపోపు తమ ఉయ్యాలబల్లమీదికి వచ్చునని మా వదినగారి యభ్యంతరము. కిటికీపైన ఫాను బిగించి ఘాటునంతయు పెరటి కరివేపచెట్టునకు అర్పించితిమి. ఈ వివరములు ఇంతటితో చాలును. ఇల్లు బాగుచేయించుకొన్నవారికి చెప్పనక్కఱలేదు, చేయించుకొననివారికి చెప్పి ప్రయోజనము లేదు.

గట్టురాతిని గూర్చి మాత్రము ఒక మాట. కడపబండ చాలునని నేనంటిని. శ్రీమతి చీమకుర్తి నల్లగ్రానైటునకు మనసిచ్చెను: కాటుకనలుపున బంగారుచుక్కలు మెఱయునట్టి రాయి, దేశదేశములకు ఓడలలో పోవునట్టి రాయి, ప్రకాశంజిల్లా కీర్తి. వచ్చినది, పఱచిరి, అందఱును ముఖములు చూచికొనిరి. మఱునాటి ఉదయము మా అమ్మ రెండుగంటలు గట్టు తుడిచినను శుభ్రము కాలేదు. ఒలికినది బొంబాయిరవ్వయో, రాతిలోని చుక్కయో చేతితో తడిమిగాని తెలియదు. చీమలకు మాత్రము ఎట్లో తెలియుచున్నది. ఆ రాతిపై ఆవాలు పారబోసినచో ఇంక వానిని భగవంతుడే ఏరవలెను.

ఇప్పుడు మా వంటిల్లు చూచినవారు మెచ్చుకొనుచున్నారు. పొయ్యి దగ్గఱనుండి తొట్టికి అడుగు తీసి అడుగు వేయనక్కఱలేదు. మా అమ్మ కిటికీ క్రింద కూర్చుండి పనసపొట్టు తరుగుచు, కందాబచ్చలికి ఆవ ఎంత పెట్టవలెనో శ్రీమతికి చెప్పగలుగుచున్నది, శ్రీమతి విననట్లుండగలుగుచున్నది. నా గదిగుండా ఉదయము అయిదుగంటలకు మడిచీరలు, ఆఱుగంటలకు పాలు, ఏడుగంటలకు అంట్లు పోవుచున్నవి. పోవువా రెవ్వరును చేతులు ఖాళీగా పోరు. వచ్చునప్పుడు ఏదో యొకటి నా యొడిలో పెట్టి, “కాస్త ఇది వలిచిపెట్టండి,” అందురు. భారతి సంపుటములు అటకపై నున్నవి. వానికొఱకు నిచ్చెన వేయించెదమన్నారు.

ముగ్గుతో వేసిన ఆ ప్రమాణచిత్రమునందు ఎవ్వరికిని తోచని సంగతి ఒక్కటి మిగిలినది. అది వైశాఖమున తెలిసినది. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు బస్తాలతో దిగి, ముక్కలు కొట్టించి, ఆవపిండి, కారము, ఉప్పు, నువ్వులనూనె కలిపి, పెద్ద జాడీలు నాలుగింటికి ఎత్తిన పిదప, వానిని ఎచ్చట పెట్టవలెనని అందఱును లేచి చూచిరి. గట్టు క్రింద రోలున్నది, పళ్ళెములున్నవి. గూళ్ళలో పట్టవు. వసారాలో పదిమంది మసలుదురు, అంటు కలియును. చీకటిగాను, చల్లగాను, ఎవ్వరును త్రొక్కనట్టిదిగాను ఉన్న చోటు ఇల్లంతటికిని ఒక్కటే తేలినది: నా మంచము క్రింద. జాడీలు అచ్చటికి చేరినవి. మూడవనాడు తిరుగగలుపువఱకు అవి మడిలో నుండునట. మడిజాడీలపై మైలమనిషి పండుకొనరాదట. కనుక నేను వసారాలో, ఫ్రిజ్జు ప్రక్కన, చాప పఱచుకొంటిని. రాత్రి తలుపు తెఱచి చూచితిని: లోపల దీపమున్నది, భారతి చదువుకొనుటకు సరిపోవునంత. నిచ్చెన ఇంకను రాలేదు.